బోర్డు చివర, ప్రమేయం ముందు

(ఆచార్య అర్వింద్ స్మృతిలో మెటియాబ్రుజ్‌లోని తెలుగు ఉపాధ్యాయులు, విద్యార్థుల ముందు చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో కూర్చున్నామో ఆ మనిషి గురించి ముందు నాలుగు మాటలు. ఆచార్య అర్వింద్ 1947లో పుట్టారు. 1969లో ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు, 1973లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. 1970ల చివర్లో ఎం.ఐ.టి.లో చేరి చివరిదాకా అక్కడే పాఠాలు చెప్పారు. 2024 జూన్ 17న కన్నుమూశారు. ఆయన తెలుగువారు కారు. మన వీధుల్లో ఆయన పేరు విన్నవాళ్లు ఈ గదిలో ఉన్నవాళ్లే అయివుంటారు. కంప్యూటర్ చిప్పును లెక్కల పుస్తకంలోని ప్రమేయంలాగే ఊహించి కట్టవచ్చని నమ్మి, ఆ నమ్మకాన్ని యంత్రాలుగా, భాషలుగా, పాఠాలుగా చేసి చూపించిన మనిషి ఆయన. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ దారిలో నుంచి ఏరుకున్నదే.

నాకు ఇచ్చిన అంశం చిన్నది. ఇంజనీరింగ్ పిల్లల చేత హార్డ్‌వేర్ ప్రాజెక్టు చేయించాలంటే దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

దీన్ని మెటియాబ్రుజ్‌లో మాట్లాడుకోవడం నాకు బాగానే ఉంది. లక్నో పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా వచ్చి, ఈ నది ఒడ్డునే కాపురం పెట్టాడు. ఆయన 1887లో పోయాడు. అదే ఏడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది. మనవాళ్లలో చాలామంది ఆ పట్టాల వెంబడే ఇటు వచ్చారు. ఆ కంపెనీకి వారసురాలైన ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడి గార్డెన్ రీచ్‌లోనే ఉంది; 2003 దాకా వాల్తేరు డివిజన్ దానిలోనే ఉండేది కనుక, విశాఖలో రైలు నౌకరీ చేసేవాళ్ల ఇళ్లలో ‘గార్డెన్ రీచ్’ అంటే పెద్దాఫీసు అనే అర్థం. నవాబుతో వచ్చిన దర్జీల వారసత్వమని చెప్పుకునే కుట్టుపని ఇప్పుడు ఈ ఊరికి ప్రాణం. ఓస్తాగరు, అంటే పెద్ద దర్జీ, బట్ట కత్తిరించి ఇస్తే ఇంటింటా మిషన్లు నడుస్తాయి. నది పక్కన జి.ఆర్.ఎస్.ఇ. వాళ్లు యుద్ధనౌకలు కడతారు. చేతిపని అంటే చిన్నచూపు లేని ఊరు. మన ఇంజనీరింగ్ కాలేజీలకు లేనిది సరిగ్గా అదే.

కాలేజీలో ప్రాజెక్టు ఎలా పుడుతుందో మీకు తెలుసు. ఏడో సెమిస్టరు మొదలవగానే నలుగురు ఒక బ్యాచ్ అవుతారు. ముందు ఎఫ్‌పీజీఏ చిప్పున్న బోర్డు కొంటారు. బోర్డు వచ్చాక దాని మీద ఏం చేయొచ్చో వెతుకుతారు. హార్డ్‌వేర్‌ను వర్ణించే వెరిలాగ్ భాషలో ఎవరో రాసిన కోడ్ దొరుకుతుంది. లైటు వెలుగుతుంది, ఆరుతుంది, ఫోటో తీస్తారు. ఆ తర్వాత రెండు నెలలు కదలిక ఉండదు. చివరి నెలలో హైదరాబాద్ అమీర్‌పేట. అక్కడ బ్లాక్ డయాగ్రమ్ నుంచి వైవా ప్రశ్నలదాకా కట్టకట్టి అమ్ముతారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు. బోర్డుతో మొదలైన ప్రాజెక్టుకు పోవడానికి వేరే దారి ఉండదు. ఏం కట్టాలో తేలకముందే దేని మీద కట్టాలో తేల్చేశాం కదా.

అసలు ఈ ఎఫ్‌పీజీఏ అనే చిప్పు ఏమిటో కాస్త చూద్దాం. దాని లోపల ప్రాసెసర్ ఉండి మన ప్రోగ్రామును వరసగా నడిపిస్తుందనుకుంటారు చాలామంది. కాదు. దాని నిండా చిన్న చిన్న పట్టికలు ఉంటాయి. నాలుగు తీగలు లోపలికి, ఒక తీగ బయటికి. నాలుగు తీగల మీద సున్నాలు, ఒకట్లు పదహారు రకాలుగా రావచ్చు. ఒక్కో రకానికి బయటికి ఏం పోవాలో పదహారు బిట్లలో రాసి పెడతాం. అంతే. ప్రతి పట్టిక పక్కన ఒక బిట్టును గుర్తుపెట్టుకునే ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటుంది. వీటిని ఎలా కావాలంటే అలా కలుపుకోవడానికి తీగల జాలం. 1985లో జైలింక్స్ కంపెనీ తెచ్చిన మొదటి చిప్పు ఎక్స్‌సీ2064లో ఇలాంటి తర్కపు గదులు 64. ఇప్పుడు విద్యార్థులు వాడే చౌక రకం ఐస్40 హెచ్ఎక్స్1కేలో పట్టికలు 1280, టాంగ్ నానో 9కే బోర్డు మీది చిప్పులో 8640.

నాలుగు తీగలు లోపలికి వెళ్తే ఒకటి బయటికి వచ్చే పట్టిక. ఇంటర్ ఎంపీసీ చదివిన తెలుగు పిల్లవాడు దీన్ని గుర్తుపట్టాలి. గణితం 1ఏలో మొదటి అధ్యాయమే ప్రమేయాలు. ప్రదేశం, సహప్రదేశం, ఒక్కో మూలకానికి ఒకే ప్రతిబింబం. ఆ వెంటనే సంయుక్త ప్రమేయాలు. రెండో అధ్యాయం గణితానుగమనం. ఈ రెండు అధ్యాయాలూ వచ్చినవాడికి హార్డ్‌వేర్ డిజైన్‌కు కావలసిన గణితంలో సగం వచ్చినట్టే. కానీ ఇంజనీరింగ్ రెండో ఏడు డిజిటల్ ల్యాబ్‌లో ఆ సంగతి ఎవరూ చెప్పరు. ట్రూత్ టేబుల్ రాయిస్తారు, కార్నాఫ్ మ్యాప్ గీయిస్తారు, రికార్డు మీద సంతకం పెడతారు. పిల్లవాడు ఇంటర్లో నేర్చినదాన్ని ఇంటర్ పుస్తకంతోపాటే అటకెక్కిస్తాడు.

అర్వింద్ తరంవాళ్లు పట్టుకున్నది ఈ తెగిన ముడినే. 1977లో జాన్ బాకస్ ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో, తాను కట్టిన ఫోర్‌ట్రాన్ సంప్రదాయాన్నే తప్పుపట్టారు. ఒక్కొక్క మాటను మెమొరీలోకి, బయటికి మోసే పద్ధతి మన ఆలోచనను కట్టేస్తోందనీ, ప్రమేయాలను కలుపుతూ ప్రోగ్రాము రాయాలనీ ఆయన వాదన. దాన్ని మేరీ షీరన్ హార్డ్‌వేర్‌కు తెచ్చారు. 1984లో ఆమె మ్యూఎఫ్‌పీ అనే భాషతో, చిప్పు డిజైన్‌ను ప్రమేయాల కూర్పుగా రాయొచ్చని చూపించారు. 1998లో ఆమె, సహచరులు కలిసి హాస్కెల్ అనే ప్రమేయాల భాష మీద లావా అనే హార్డ్‌వేర్ భాష కట్టారు.

అర్వింద్ మరో వైపు నుంచి వచ్చారు. ఒక లెక్కకు కావలసిన విలువలు చేరగానే ఆ లెక్క జరిగిపోవాలి, వరస నంబరు కోసం ఆగకూడదన్నది డేటాఫ్లో ఆలోచన. దాని కోసం ఆయన బృందం ‘ఐడీ’ అనే భాష చేసింది, మోటరోలాతో కలిసి ‘మాన్సూన్’ అనే యంత్రం కట్టింది. (పేరులో మన వానాకాలం ఉంది కానీ యంత్రం మాత్రం మార్కెట్లో పెద్దగా కురవలేదు.) 1990లో హాస్కెల్ భాష మొదటి నివేదిక వెలువడినప్పుడు దాన్ని రూపొందించిన సంఘంలో అర్వింద్, ఆయన సహచరుడు రిషియూర్ నిఖిల్ ఉన్నారు. 2003లో అర్వింద్ బ్లూస్పెక్ కంపెనీ పెట్టారు. యంత్రం నడవలేదని ఆలోచనను వదల్లేదు, దాన్నే బ్లూస్పెక్ భాషగా మార్చి చిప్పు డిజైనర్ల చేతికిచ్చారు. మన దేశంలో దాని ఫలం కళ్లెదుటే ఉంది. ఐఐటీ మద్రాసులో ఆచార్య కామకోటి బృందం ‘శక్తి’ ప్రాసెసర్లను బ్లూస్పెక్‌లోనే రాసింది. 2018లో ఒక చిప్పు ఇంటెల్ వాళ్ల 22 నానోమీటర్ల ఫౌండ్రీలోనూ, మరొకటి మొహాలీలోని ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్లలోనూ తయారై వచ్చాయి. ఎఫ్‌పీజీఏ బోర్డుల మీద నడిపి చూసుకోడానికి పినాక, పరశు, వజ్ర అని మూడు రకాలు ఇచ్చారు. 2020 జనవరిలో బ్లూస్పెక్ కంపైలర్‌ను అందరికీ ఉచితంగా తెరిచిపెట్టారు.

అర్వింద్ పాఠాల్లో తరచు కనబడే ఉదాహరణ గ.సా.భా. తొమ్మిదో తరగతి పిల్లలకూ తెలిసిన లెక్క. ఎక్స్, వై అని రెండు రిజిస్టర్లు. సూత్రాలు రెండే. వై సున్నా కాకుండా ఎక్స్ పెద్దదైతే రెండూ తారుమారు. వై సున్నా కాకుండా ఎక్స్ పెద్దది కాకపోతే వైలోంచి ఎక్స్ తీసెయ్యి. వై సున్నా అయితే ఎక్స్‌లో ఉన్నదే జవాబు. 15, 6తో మొదలెట్టండి. 6, 15. ఆపైన 6, 9. 6, 3. తారుమారు చేస్తే 3, 6. 3, 3. 3, 0. ఆరు గడియార టిక్కులు, జవాబు 3.

ఇందులో పిల్లలు తడబడే చోటొకటుంది, అక్కడే అసలు పాఠం. ‘రెండూ తారుమారు’ అనగానే, సి భాష నేర్చిన కుర్రాడు మూడో పాత్ర కోసం వెతుకుతాడు, టెంప్ అనే వేరియబుల్ పెడతాడు. హార్డ్‌వేర్‌లో అక్కర్లేదు. ఎక్స్ నుంచి తీగ వైకి, వై నుంచి తీగ ఎక్స్‌కి. టిక్కు పడినప్పుడు రెండూ ఒకేసారి మారతాయి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టినవాడికి, ప్రోగ్రాముకూ సర్క్యూటుకూ తేడా గురించి మళ్లీ ఉపన్యాసం అక్కర్లేదు. ఒక్కో సూత్రం పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. రెండు సూత్రాలు ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకోకుండా చూడ్డం కంపైలర్ పని. పెద్ద డిజైన్లలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ తొక్కిసలాటలోనే గనుక, అర్వింద్ ఆ భారాన్ని మనిషి మీంచి తీసేశారు.

ఇప్పుడు కూడిక తీసుకుందాం. ఒక బిట్టు కూడిక యంత్రం ఒక ప్రమేయం: రెండు బిట్లు, వెనకనుంచి వచ్చిన క్యారీ లోపలికి, మొత్తం, ముందుకు పోయే క్యారీ బయటికి. ఎనిమిది బిట్ల యంత్రమంటే ఆ ప్రమేయాన్నే ఎనిమిదిసార్లు గొలుసుగా కట్టడం. హాస్కెల్‌లో ఆ గొలుసు కట్టడాన్నే మరో ప్రమేయంగా రాస్తాం. అది 8కీ పనిచేస్తుంది, 32కీ పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందంటే అనుగమనం: ఒక బిట్టుకు సరి, ‘ఎన్’ బిట్లకు సరి అయితే ‘ఎన్’ ప్లస్ ఒకటికీ సరి. ఇంటర్ రెండో అధ్యాయం ఇక్కడ తేలింది. అనుగమనం మీద నమ్మకం కుదరనివాడు పరీక్షించి చూసుకోవచ్చు. ఎనిమిది బిట్ల రెండు సంఖ్యల జోడీలు మొత్తం 65,536. లాప్‌టాప్‌లో అన్నీ కూడి చూడ్డానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. బోర్డు ఇంకా కొనలేదు, గమనించండి.

పదహారు సంఖ్యలు కూడాలనుకోండి. వరస గొలుసులో కడితే పదిహేను యంత్రాలు, ఒకదాని వెనక ఒకటి. చివరి జవాబు పదిహేను మెట్లు దిగి రావాలి. జతలుగా కలుపుతూ చెట్టులా కడితే కూడా యంత్రాలు పదిహేనే, కానీ మెట్లు నాలుగు. ఖర్చు అదే, వేగం దాదాపు నాలుగు రెట్లు. ఇలా మార్చవచ్చని ఎవరు చెప్పారు? కూడికకు సాహచర్య ధర్మం ఉందని ఆరో తరగతి పుస్తకం చెప్పింది. వెరిలాగ్‌లో ఈ మార్పు చేయాలంటే తీగలన్నీ మళ్లీ కలపాలి. ప్రమేయాల భాషలో గొలుసు మాట తీసి చెట్టు మాట పెట్టడమే. లెక్కల పుస్తకంలోని ధర్మం చిప్పు వేగంగా మారడాన్ని పిల్లవాడు ఒక్కసారి చూస్తే చాలు, ఆ కోర్సు పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

ఇక కాలం. ప్రమేయానికి గతం తెలియదు, యంత్రానికి తెలియాలి. దీనికి మీలీ యంత్రం అనే పాత మార్గం ఉంది: ఇప్పటి స్థితి, ఇప్పుడు వచ్చిన సమాచారం లోపలికి, తర్వాతి స్థితి, బయటికి పంపవలసినది బయటికి. అదీ ప్రమేయమే. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో పుట్టిన క్లాష్ అనే సాధనంలో, ఇలాంటి ప్రమేయాన్ని రాసి ఒక్క మాట చేరిస్తే గడియారంతో నడిచే సర్క్యూటు అవుతుంది. హాస్కెల్ ప్రోగ్రామునే అది వెరిలాగ్‌గా మార్చి ఇస్తుంది. కాలాన్ని అలా ఒక మూలకు నెట్టగలగడం పెద్ద సదుపాయం. మన విద్యార్థుల కోడ్‌లో తర్కం, గడియారం చిక్కుముడిపడి, దేని తప్పు ఎక్కడుందో తెలియక రాత్రిళ్లు గడుస్తాయి.

ఇంతవరకు పద్ధతి. ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలన్నది దీనికన్నా కష్టమైన ప్రశ్న. చాలా ప్రణాళికలు చెడేది ఇక్కడే కనుక కొంచెం నిదానిస్తాను.

మెటియాబ్రుజ్‌లో కూర్చుని ఆలోచిస్తే ఎవరికైనా ముందు తట్టేది కుట్టు లెక్కించే యంత్రం. మిషను చక్రానికి అయస్కాంతం, పక్కన సెన్సర్, ఒక చుట్టుకు ఒక కుట్టు. చక్కటి ఆలోచన, ఓస్తాగర్లకు పనికొస్తుంది కూడా. కానీ ఎఫ్‌పీజీఏ ప్రాజెక్టుగా నేను దీన్ని ఒప్పుకోను. వేగంగా నడిచే మిషను నిమిషానికి 5000 కుట్లు వేస్తుందనుకున్నా సెకనుకు 83. కుట్టుకూ కుట్టుకూ మధ్య 12 మిల్లీసెకన్లు. 27 మెగాహెర్ట్జ్ గడియారమున్న బోర్డు అంతసేపట్లో మూడు లక్షల ఇరవైనాలుగు వేల టిక్కులు కొట్టుకుంటుంది, చేసేందుకు పనేమీ లేకుండా. కొన్ని వందల రూపాయల మైక్రోకంట్రోలర్‌కు కూడా ఇది తేలిక పని. ‘ఇది ఆర్డ్యునోతో ఎందుకు చేయలేదు?’ అని వైవాలో అడిగితే కుర్రాడి దగ్గర సమాధానం ఉండదు, ఉండకపోవడం అతని తప్పూ కాదు. ఆ ప్రశ్నను ప్రణాళిక మొదటి పేజీలో గైడే అడగాలి. చిప్పు అవసరమే లేనిచోట చిప్పు పెట్టించడం చదువు కాదు, ఖర్చు.

మరేది? ఈ ఊళ్లోనే దొరుకుతుంది: బట్ట అంచు. చీర అంచు మీద మామిడిపిందె బుటా ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంది, ఒకసారి కుడికి తిరిగి, ఒకసారి ఎడమకు తిరిగి. దాన్ని ఒక మానిటర్ మీద, కదులుతూ, ప్రాసెసర్ లేకుండా చూపించాలి. ఇదీ ప్రాజెక్టు. పీటర్ హెండర్సన్ 1982లో ‘ఫంక్షనల్ జామెట్రీ’ అని ఒక వ్యాసం రాశారు. చిత్రకారుడు ఎషర్ గీసిన చేపల చిత్రాన్ని, తిప్పడం, పక్కన పెట్టడం, మీద పెట్టడం అనే కొన్ని ప్రమేయాలతో ఎలా అల్లవచ్చో అందులో చూపించారు. మన అంచు పని అలాంటిదే.

లెక్క చూడండి. పాత వీజీఏ మానిటర్‌కు 640 అడ్డం, 480 నిలువు చుక్కలు. కనబడని అంచులతో కలిపి 800 ఇంటూ 525, అంటే ఒక బొమ్మకు 4,20,000 టిక్కులు. సెకనుకు దాదాపు అరవై బొమ్మలు కావాలంటే గడియారం 25.175 మెగాహెర్ట్జ్. ఒక్కో చుక్కకు దొరికే సమయం సుమారు 40 నానోసెకన్లు. ఇక్కడ మామూలు మైక్రోకంట్రోలర్ చేతులెత్తేస్తుంది. బొమ్మను ముందే గీసి మెమొరీలో దాచుకుందామంటే, చుక్కకు ఒకే బిట్టు పెట్టినా 3,07,200 బిట్లు కావాలి. హెచ్ఎక్స్1కేలో ఉన్న మెమొరీ మొత్తం 65,536 బిట్లు. దాచుకోడానికి చోటు లేదు, ఆగడానికి సమయం లేదు. ఒక్కటే దారి మిగులుతుంది: చుక్క అడ్డం స్థానం, నిలువు స్థానం, బొమ్మ నంబరు ఇస్తే రంగు చెప్పే ప్రమేయం. చిప్పు ఎందుకన్న ప్రశ్నకూ, ప్రమేయం ఎందుకన్న ప్రశ్నకూ జవాబు ఒక్కచోటే దొరికింది.

ఆ ప్రమేయాన్ని రాస్తూ పిల్లలు నేర్చుకునేవి చాలా ఉన్నాయి. బుటా 32 చుక్కలకొకసారి రావాలంటే భాగహారం చేసి శేషం తీయాలనుకుంటారు. అక్కర్లేదు. స్థానంలోని కింది ఐదు తీగలు మాత్రమే చూస్తే చాలు, మిగతావి వదిలేయడమే, ఖర్చు సున్నా. బుటాను అద్దంలో చూసినట్టు తిప్పాలంటే 31లోంచి స్థానాన్ని తీసెయ్యాలి. ఐదు బిట్లలో అది బిట్లన్నీ తిరగేయడమే, తీసివేత యంత్రం అక్కర్లేదు. తొంభై డిగ్రీలు తిప్పాలంటే అడ్డాన్నీ నిలువునూ మార్చుకుని ఒకదాన్ని తిరగేయాలి. సగం అడ్డంగా, సగం నిలువుగా అద్దం పెడితే దాచుకోవలసింది పావు బుటాయే, 16 ఇంటూ 16, అంటే 256 బిట్లు. అంచు కదలాలంటే స్థానానికి బొమ్మ నంబరు కలపడమే. ఇవన్నీ సంయుక్త ప్రమేయాలే. బట్ట కత్తిరించేముందు ఓస్తాగరు కాగితం మీద చూసుకున్నట్టు, ఇవన్నీ బోర్డు జోలికి పోకుండానే చూసుకోవచ్చు: అదే ప్రమేయాన్ని లాప్‌టాప్‌లో 640 ఇంటూ 480సార్లు పిలిచి, ఫలితాన్ని బొమ్మ ఫైలుగా రాయించి తెరిచి చూడ్డమే. బొమ్మ బాగుంటే ఆ ప్రమేయమే, అక్షరం మారకుండా, చిప్పులోకి వెళ్తుంది.

సెమిస్టరును దీనికి ఎలా సర్దాలి? పదహారు వారాలున్నాయనుకుంటే, మొదటి ఆరు వారాలు బోర్డు బీరువాలో ఉండాలి, తాళంచెవి గైడు దగ్గర ఉండాలి. భాష నేర్చుకోడానికి, కూడిక యంత్రం, గ.సా.భా. చేయడానికి, అంచు బొమ్మ ఫైలుగా రావడానికి ఆ కాలం సరిపోతుంది. ఆ తర్వాత మానిటర్ టైమింగ్. అది మీలీ యంత్రం, దానికో రెండు మూడు వారాలు సిమ్యులేషన్‌లోనే పోతాయి. బోర్డు బయటికి తీసేది సగం సెమిస్టరు దాటాకే. తీశాక కూడా ముందు ఒక చారల బొమ్మ, ఆ తర్వాతే అంచు. చివరి రెండు వారాలు ఖాళీగా ఉంచండి. వైరు వదులై, మానిటర్ ‘నో సిగ్నల్’ అని చూపించే రోజులవి.

మార్కుల విషయంలో నాకొక పట్టుదల ఉంది. కంపైల్ చేయడానికి ముందు, ‘ఇది ఎన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు తీసుకుంటుంది?’ అని బ్యాచ్ చేత కాగితం మీద రాయించాలి. అడ్డం లెక్కకు 800దాకా పది బిట్లు, నిలువుకు 525దాకా మరో పది. కదలికకు బొమ్మ నంబరు ఎనిమిది బిట్లనుకుంటే మొత్తం 28. సాధనం 28 చెబితే మార్కులు. వంద చెబితే ఇంకా ఎక్కువ మార్కులు, ఎందుకు వందయిందో కనిపెట్టి చెప్పగలిగితే. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఈ ఒక్క ప్రశ్న దగ్గర దొరికిపోతుంది. మానిటర్ మీద బొమ్మ ఎంత అందంగా ఉందన్నదానికి నేనయితే పెద్దగా మార్కులు వేయను.

ఈ దారిలో రాళ్లూ ఉన్నాయి. హాస్కెల్ కంపైలర్ తప్పు చూపించే తీరు కొత్తవాడికి భయం పుట్టిస్తుంది, చిన్న పొరపాటుకు తెరనిండా అక్షరాలు. పక్కన తెలిసినవారు ఒకరు కూర్చోకపోతే రెండో వారంలోనే సగం మంది జారిపోతారు. ఇంకొకటి, హాస్కెల్‌లో అంతులేని జాబితాలు, తమను తామే పిలుచుకునే ప్రమేయాలు మామూలు. చిప్పులో తీగలు లెక్కపెట్టినన్నే ఉంటాయి, కనుక పొడవు ముందే తెలియని ఏదీ అందులోకి పోదు. లాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రాము క్లాష్ దగ్గర ఆగిపోయినప్పుడు పిల్లలు సాధనాన్ని తిడతారు. అది చెబుతున్నది మాత్రం సరైన మాటే. ఎనిమిది బిట్లలో 255కు ఒకటి కలిపితే సున్నా వస్తుందన్నది కూడా మొదటిసారి చూసినవాళ్లకు దెబ్బే.

‘ఉద్యోగాలు వెరిలాగ్‌కి కదా?’ అని తండ్రులు అడుగుతారు. నిజమే. హైదరాబాద్‌లో అయినా బెంగళూరులో అయినా ఇంటర్వ్యూలో అడిగేది వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగే. అందుకే క్లాష్ పుట్టించిన వెరిలాగ్‌ను చదివించి, దానిలో ఒక భాగాన్ని పిల్లల చేత మళ్లీ చేత్తో రాయించాలి. అప్పుడు వాళ్లకు వెరిలాగ్ కూడా ఇంకా బాగా వస్తుంది, ఏ తీగ ఎందుకుందో తెలిసే రాస్తారు కనుక. బర్క్‌లీలో స్కాలా మీద కట్టిన చిజెల్, జేన్ స్ట్రీట్ సంస్థ వాడే ఓకామెల్ ఆధారిత హార్డ్‌కామెల్ వంటివి పరిశ్రమలోనూ నడుస్తున్నాయి. అయినా ఆ మాటతో తండ్రుల్ని ఒప్పించాలని చూడకండి. ఉద్యోగాల సంఖ్యలో వెరిలాగ్‌తో పోలికే లేదు.

డబ్బు సంగతి చెప్పాలి. 2015లో ఐస్‌స్టార్మ్ అనే ప్రాజెక్టు ఐస్40 చిప్పుల లోపలి బిట్ల అమరికను విప్పి, ఉచిత సాధనాలతో వాటిని ప్రోగ్రాము చేసే దారి తెరిచింది. యోసిస్, నెక్స్ట్‌పీఎన్ఆర్ అనే ఆ సాధనాలు మామూలు లాప్‌టాప్‌లో నడుస్తాయి, లైసెన్సు అక్కర్లేదు. నలుగురు పిల్లలకు ఒక బోర్డు సరిపోతుంది. మూడు వంతుల పని బోర్డు లేకుండానే జరుగుతుంది కనుక రెండు బ్యాచ్‌లు పంచుకున్నా ఇబ్బంది లేదు. నూజివీడు, బాసర, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో చదివే పల్లెటూరి పిల్లలకు ఈ లెక్క మరీ ముఖ్యం.

యంత్రం కొనుక్కోవడం కాదు, కట్టుకోవడం ఈ నగరానికి కొత్త కాదు. మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు దశాబ్దాలు పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1955లో బ్రిటన్ నుంచి హెచ్ఈసీ-2ఎమ్ కంప్యూటర్ వచ్చింది. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి వాళ్లే ఐఎస్ఐజేయూ-1 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్‌ను సొంతంగా కట్టారు, 1966లో నడిపించారు. అప్పటివాళ్లు సోల్డరింగ్ చేసిన గేట్లను ఇప్పుడు పిల్లలు పట్టికల్లో బిట్లుగా రాస్తారు. తేడా అంతే.

ఇప్పుడు మీ దగ్గర నేను అడిగేది రెండు. ఇక్కడి రైల్వే క్వార్టర్లలోనూ, విశాఖ, విజయనగరం కాలేజీల్లోనూ పాఠాలు చెప్పే మీలో ఇద్దరైనా వచ్చే వేసవిలో హాస్కెల్ నేర్చుకోండి, గ.సా.భా. దాకా వస్తే చాలు, మిగతాది పిల్లలతో కలిసి నేర్చుకోవచ్చు. రెండోది, ఈ పనికి తెలుగులో ఒక ల్యాబ్ పుస్తకం కావాలి. ప్రమేయాల అధ్యాయంతో మొదలై వీజీఏ తెర మీద చీర అంచుతో ముగిసే నూరు పేజీల పుస్తకం. ఇంటర్ తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌కు వచ్చిన పిల్లవాణ్ని దృష్టిలో పెట్టుకుని రాయండి. మొదటి రెండు అధ్యాయాల చిత్తుప్రతి నేను రాసిస్తాను. తక్కినవి పంచుకోవడానికి ముందుకొచ్చేవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి.